దక్షిణపు గోడ పగులు

పగులు కనపడగానే కూల్చెయ్యమని రాసే ఇంజనీర్ల కింద పనిచేశాను. ఎంత పగులు చూపించినా ఏం కాదులే అనే ఇంజనీర్ల కిందా పనిచేశాను. మొదటి రకం వాళ్ళకి రాత్రి నిద్ర బాగా పట్టేది. రెండో రకం వాళ్ళకి మధ్యాహ్నం భోజనం బాగా సహించేది. నాకు ఈ రెండూ అంతంత మాత్రమే. పగులు కనపడితే అది ఎందుకొచ్చిందో తేలేదాకా ఊరుకోలేని జబ్బు ఒకటి నాకుండేది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి పాత బిల్డింగుల సంగతులు అడుగుతుంటారు. ప్రతిసారీ నేను చెప్పేది ఒక చర్చి గోడ గురించే. చెప్పి చెప్పి గొంతు నొప్పి పుడుతోంది కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను.

నందిగామ సబ్‌డివిజన్‌లో డీఈగా ఉన్నప్పటి మాట. రిటైర్మెంటు దగ్గర పడింది. ఆ ఏడు వానలు తొందరగా పట్టుకున్నాయి. ఎక్కడో బడి గోడ కూలిందని పేపర్లో వచ్చేసరికి, పిల్లలు కూర్చునే పాత కట్టడాలన్నీ చూసి, పనికొస్తాయో లేదో రాయమని పైనుంచి ఆర్డరొచ్చింది. మా వాటాకి వచ్చినవాటిలో ఒక చర్చి ఉంది. నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, హైవే దిగి లోపలికి వెళ్ళాలి. ఊరి పేరు రాయను. చుట్టుపక్కల వాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు, మిగతావాళ్ళకి దాంతో పని లేదు.

చర్చి ఆవరణలోనే సంఘం వాళ్ళ ఎలిమెంటరీ స్కూలు ఉంది. దాని రేకుల షెడ్డు కారుతోందని రెండు క్లాసుల పిల్లల్ని చర్చిలో కూర్చోబెట్టి చదువు చెబుతున్నారు. అందుకని అది మా లెక్కలోకి వచ్చింది. మాది కంచికచర్ల దగ్గర పల్లెటూరు, టీచర్ల కుటుంబం. నాకు తెలిసిన క్రైస్తవం అంతా క్రిస్మస్‌కి పక్కింటివాళ్ళు పంపే కేకు ముక్క వరకే. చర్చి లోపల అంతసేపు నిలబడటం అదే మొదలు.

కట్టినవాళ్ళు మాత్రం పని తెలిసినవాళ్ళు. దొరల కాలంలో, ఆ చుట్టుపక్కల తవ్విన రాయితో, అక్కడే కాల్చిన సున్నంతో కట్టారు. గోడలో కిటికీ గూటి లోపల నేను చెయ్యి మొత్తం చాపితే కానీ అవతలి అంచు అందలేదు. కిటికీల మీద మొన తేలిన కమానులు, పైన టేకు దూలాలు, వాటి మీద బంగళా పెంకులు. కింద నాపరాళ్ళు, మోకాళ్ళ రాపిడికి నునుపెక్కి ఉన్నాయి. బెంచీలు లేవు, అందరూ చాపల మీదే కూర్చుంటారు. స్తంభాల తలల మీద ద్రాక్ష గుత్తులు చెక్కమని దొర చెప్పి ఉంటాడు. చెక్కినవాడు ద్రాక్ష ఎప్పుడూ చూడలేదనుకుంటాను, నిఖార్సైన ఈత గెలలు చెక్కాడు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల వెనక ఉన్న కొయ్య పలక మీద గొర్రెల కాపరి బొమ్మ ఉంది. ఆ కాపరి గొంగడి కప్పుకొని, మునేరు ఒడ్డున మనకి రోజూ కనపడే మనిషిలాగే ఉన్నాడు. పడమటి గుమ్మం పైన రంగు గాజుల గుండ్రటి కిటికీ ఉంది. అందులో పగిలిపోయిన ఒక ఎర్ర ముక్క స్థానంలో ఎవరో బస్సు వెనక లైటు బిళ్ళ అమర్చారు. సాయంత్రం ఎండ పడితే ఆ కాస్త మేరా మిగతావాటికన్నా ఎక్కువ ఎర్రగా మెరిసేది.

పగులు దక్షిణపు గోడలో ఉంది. నేల దగ్గర మొదలై, నిట్టనిలువుగా పైకి పోయి, ఒకచోట లోపలికి వంగి, వెల్ల పొరల్లో కలిసిపోయింది. వేలు పట్టేంత వెడల్పు. గోడకి బయటి వైపు కూడా ఉంది. దాని పక్కనే చాప మీద మూడో తరగతి పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

మాతో పాటు తిరిగి అన్నీ చూపించినవాడు సంఘం కార్యదర్శి. నలభై లోపు మనిషి, జగ్గయ్యపేట వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. కొత్త హాలుకి ప్లాను వేయించి సిద్ధంగా పెట్టుకున్నాడు. కాంక్రీటు స్తంభాలు, టైల్సు, మైకులు బాగా పలికే సీలింగు. సిమెంటు కూడా ఎవరో ఇస్తామన్నారట. నేను కూల్చాలని రాసిస్తే చాలు, పని మొదలవుతుంది. మొదట అతను కొత్తదనం మోజులో ఉన్నాడనుకున్నాను. కానీ వెళ్ళబోతుంటే నన్ను పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ గోడ పక్కన మూడో లైన్లో కూర్చున్నది మా పాపేనండి. నేను క్వారీ బ్లాస్టింగు చప్పుడు వినపడినప్పుడల్లా ఫ్యాక్టరీలోంచి ఫోన్ చేస్తుంటా. ఏదో ఒకటి తొందరగా తేల్చండి."

పిల్లల్ని ఆ రోజే ఉత్తరం వైపుకి మార్పించాను. నిర్ణయం మాత్రం రాయలేదు.

నా దగ్గర ఏఈగా ఒక అమ్మాయి ఉండేది. ఉద్యోగంలో కొత్త, ఓపిక ఎక్కువ. పునాది కుంగితే గోడ మెట్లు మెట్లుగా, ఏటవాలుగా పగలాలి కదా సార్, ఇది గీత గీసినట్టు నిలువుగా ఎందుకుంది అని ఆమే అడిగింది. పగులు ఇంకా విచ్చుకుంటోందో లేదో తెలుసుకోవడానికి మేము చేసే పని ఒకటుంది. సన్నటి గాజు ముక్కల్ని పగులుకి అడ్డంగా అతికించి వదిలేస్తాం. గోడ కదిలితే గాజు విరుగుతుంది. వానాకాలం అంతా ఆ గాజు ముక్కలు చూడటానికి వెళుతూనే ఉన్నాం. ఒకసారి క్వారీలో మందు పేల్చే వేళకి వెళ్ళి, కిటికీ గూట్లో గ్లాసుతో నీళ్ళు పెట్టి కూర్చున్నాం. పేలినప్పుడు నీళ్ళు కాస్త చలించాయి. గాజు ముక్కలు మాత్రం అతికించినవి అతికించినట్టే ఉన్నాయి. చుట్టూ మూగిన ఊరివాళ్ళు ఇంతేనా అన్నట్టు చూసి వెళ్ళిపోయారు.

ఇలా తిరగడం వల్ల ఆ సంఘం తీరు కొంత తెలిసింది. వాళ్ళవి రెండు పేటలు, పై పేట, కింద పేట. రెండు పేటల మధ్య పాత కాలపు కులం ఎచ్చుతగ్గులు ఎలాంటివో ఈ జిల్లావాళ్ళకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. కానీ చర్చి లోపల అవేమీ నాకు కనపడలేదు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, అంతే. ఆడవాళ్ళు వంట చేసేటప్పుడల్లా తీసి దాచిన పిడికెడు బియ్యం ఆదివారం తెచ్చి ఒకే గంపలో పోస్తారు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ప్రతిదానికీ చీటీలు వేస్తారు. క్రిస్మస్ ముందు ఏ గోడకి ఎవరు వెల్ల వెయ్యాలో చీటీ. వాక్యం ఎవరు చదవాలో చీటీ. కోత పండుగకి వంట ఎవరు చెయ్యాలో చీటీ. ఎందుకలా అని అడిగితే, మా గుడిలో అంతేనండి అనేవాళ్ళు. అయ్యగారిని అడిగాను. ఆయన రాయలసీమ నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన పాస్టరు. తనకీ తెలియదనీ, మొదట్లో ఇదేదో లాటరీ వ్యవహారం అనుకుని కంగారు పడ్డాననీ నవ్వుతూ చెప్పారు.

ఆవరణ పక్కనే ఒక పెద్దావిడ ఉండేది. ఆ స్కూల్లోనే పాఠాలు చెప్పి ఎప్పుడో రిటైరయింది. ఎనభై దాటినా నడుము వంగలేదు. ఊరంతా టీచరమ్మ అంటారు. మేము వెళ్ళినప్పుడల్లా మజ్జిగ తెచ్చి ఇచ్చేది. తను చదువు చెప్పిన పిల్లల పేర్లు, వాళ్ళ తల్లిదండ్రుల పేర్లు, ఎవరు ఏ లెక్కలో తప్పారో కూడా చెప్పేది. ఆ గోడని సుత్తితో తట్టి చూస్తున్నప్పుడు మాత్రం ఒక్కసారి అంది: "అన్ని గోడలుండగా దాని జోలికే ఎందుకు పోతారండీ?" పాత గోడ మీద మమకారం అనుకుని నేను పట్టించుకోలేదు.

అసలు విషయం బయటపెట్టింది మా ఏఈ. ఒకసారి రెండు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చాక ఆమె ఒక్కతే వెళ్ళింది. ఎండకి గోడ ఆరుతోంది. రాతి గోడ అంతా తెల్లగా ఆరిపోయి, ఒక్క పగులు దగ్గర మాత్రం తడి నిలిచి ఉంది. ఆ తడి మేర కింద వెడల్పుగా, నిలువుగా పైకి పోయి, పైన రెండు వైపుల నుంచీ వంగి మొనగా కలిసింది. పడమటి గుమ్మం ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. ఫోన్లో ఫొటో తీసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

"సార్, ఇది పగులు కాదు. తలుపు."

ఎవరో ఒకప్పుడు అక్కడున్న గుమ్మాన్ని మూసేశారు. మూసిన కట్టుబడిని పాత రాతిలోకి పళ్ళు పట్టించి కలపలేదు. అందుకని ఆ అతుకు విడిపోయి గీతలా కనిపిస్తోంది. అంతా సరిపోయింది. ఆ సాయంత్రం నాకు భోజనం సహించింది.

కానీ పని అయిపోలేదు. మూసినప్పుడు పై కమానుని ఉంచారా, పీకేశారా? ఉంచి ఉంటే పైన గోడ బరువంతా అది మోస్తుంది, భయం లేదు. పీకేసి ఉంటే ఆ బరువంతా నాసిరకం కట్టుబడి మీద కూర్చుని ఉంది, ఏదో ఒక రోజు అంతా కూలుతుంది. వెల్ల గీకి, రెండు రాళ్ళు కదిలిస్తే తెలిసిపోతుంది. సంఘం పెద్దల్ని అనుమతి అడిగాను. అక్కడ తలుపు ఎప్పుడూ లేదండి అన్నారు. ఫొటో చూపించాను. తడికి ఏవేవో ఆకారాలు వస్తుంటాయండి అన్నారు. ఒకాయన, గోడ మీద ఉలి పెడితే ఒప్పుకోమని లేచి వెళ్ళిపోయాడు. టీచరమ్మని అడిగితే, నాకేం గుర్తు లేదండి అంది. ఎవరు ఏ లెక్కలో తప్పారో గుర్తున్న మనిషి తలుపు మర్చిపోయిందంటే నేను నమ్మలేదు. వాళ్ళందరూ ఒకే అబద్ధం, ఒకే రకంగా, ఇబ్బంది పడుతూ చెబుతున్నారని మాత్రం అర్థమైంది. నాకు కోపం వచ్చింది. పిల్లల ప్రాణాల సంగతి మాట్లాడుతుంటే దాగుడుమూతలేమిటనిపించింది.

ఈలోగా మా పై అధికారి ఈఈ గారి ఫోన్లు ఎక్కువయ్యాయి. కూల్చాలని రాసి పారెయ్యక నీకెందుకయ్యా అంత ముచ్చట అన్నారు. పనికొస్తుందని సంతకం పెట్టాక పెచ్చు ఊడి ఒక్క పిల్ల మీద పడినా, నా పెన్షన్ కాగితాలు ఏ బీరువాలో పడుకుంటాయో ఆయన వర్ణించి చెప్పారు. మా ఆఫీసులో తోటివాళ్ళూ అదే మాట. వాళ్ళు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నేను అయ్యగారికి కబురు చేశాను, ఆదివారం ఆరాధన అయ్యాక సంఘాన్ని కాసేపు కూర్చోబెట్టమని.

ఆ ఆదివారం ఏఈ, నేను గోడకి ఆనుకుని కూర్చున్నాం. కీర్తనలు పాడుతుంటే టేకు దూలాల దాకా గొంతులు నిండాయి. ఆ కట్టడం అందుకోసమే కట్టారని అప్పుడు నాకు తెలిసింది. కూల్చమని రాయడానికి నా చెయ్యి రాదని కూడా తెలిసింది. అయినా లేచి చెప్పాల్సింది చెప్పాను. ఇక్కడ ఒకప్పుడు తలుపు ఉంది, దాన్ని మూశారు. లోపల కమాను ఉందో లేదో తెలియాలి. తెలియకుండా పిల్లలు కూర్చోవచ్చని రాయలేను. ఈ వారంలో తేలకపోతే కూల్చమనే రాస్తాను.

కార్యదర్శి లేచాడు. ఇక్కడ తలుపేంటండీ, మా తాతల కాలం నుంచీ అది గోడేగా అన్నాడు. అతనికి నిజంగానే తెలియదు. కుర్రాళ్ళెవరికీ తెలియదు. ముసలివాళ్ళు మాత్రం తలలు వంచి చాపల వంక చూస్తున్నారు. చివరికి ఆడవాళ్ళ వైపు నుంచి టీచరమ్మ లేచి నిలబడింది.

"తలుపు ఉందండి," అంది. "నేను చిన్నపిల్లనప్పుడు మూసారు. రెండు పేటలవాళ్ళం ఒకే దేవుడికి మొక్కేవాళ్ళం గానీ, ఒకే గుమ్మంలోంచి వచ్చేవాళ్ళం కాదు. ఒక పేటకి పడమటి గుమ్మం, ఒక పేటకి ఇది. లోపల కూడా మధ్యలో తాడు ఉండేది. బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె ఒక పేట తాగాకే ఇంకో పేటకి. ఒక శుభశుక్రవారం అప్పటి అయ్యగారు గిన్నె ఎత్తలేదు. ఆ గుమ్మం ఉన్నంతకాలం ఎత్తనన్నాడు. మూడు వారాలు ఎవరూ పలకలేదు. నాలుగో వారం రెండు పేటల మగాళ్ళూ వచ్చి, చేతులు మార్చుకుంటా రాళ్ళు మోసి, సాయంత్రానికి మూసేసారు. నేను నీళ్ళు మోసా."

మేస్త్రీని ఎందుకు పిలవలేదని అడిగాను. ఆ ప్రశ్న అప్పుడు వేయాల్సింది కాదేమో గానీ, నాకు కావలసింది అదే.

"పిలిస్తే బయటికి పొక్కిద్దని. ఊళ్ళో వాళ్ళు నవ్వుతారని. పైన రాయి ఒక్కటి కూడా కదపలేదండి, కింద ఖాళీ మాత్రం బురదతో, ఆ మోసిన రాళ్ళతో నింపారు. కూలిపన్ల వాళ్ళు, వాళ్ళకి గోడ కట్టడం ఏం తెలుసు? అయ్యాక బల్ల ముందు మోకరించి మాట పెట్టుకున్నారు. ఇక్కడ తలుపు ఉన్న సంగతి పిల్లలకి చెప్పకూడదని. అప్పట్నుంచే చీటీలు. తెలిసినవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం. మేం పోతే అదీ పోయేది. ఇయ్యాల చెప్పకపోతే గుడే పోద్దని చెప్తున్నా. మాట తప్పింది నేను, వీళ్ళు కాదు."

కుర్రాళ్ళలో ఒకడు, వెనక నుంచి, ఆ తలుపు ఏ పేటదని అడిగాడు. తప్పు ఉద్దేశంతో అడిగాడనుకోను. ఎవరైనా అడిగే ప్రశ్నే. టీచరమ్మ అతని వైపు తిరిగింది.

"అది చెప్పను. నువ్వు ఏ పేటవాడివో నీకు తెలుసు. ఆ తలుపు ఎవరిదో కూడా తెలిస్తే, రేపట్నుంచి నీ పక్కన కూర్చున్నోణ్ణి నువ్వు చూసే చూపు మారుద్ది. వాళ్ళు రాళ్ళు మోసింది ఆ చూపు పోవాలనే. సగం మాట తప్పా, మిగతా సగం నాతోనే వచ్చిద్ది."

ఇంకెవరూ అడగలేదు. లేచి వెళ్ళిపోయిన పెద్దాయన ఒకడున్నాడని చెప్పానే, ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు. వాళ్ళు నాకు అబద్ధం చెప్పలేదు, మాట నిలబెట్టుకున్నారు. ఆ రెండింటికీ తేడా గోడని సుత్తితో తడితే వినపడదు.

ఆ వారమే మేస్త్రీ వచ్చి వెల్ల గీకాడు. తరాల వెల్ల, పొరలు పొరలుగా రాలింది. లోపల కమాను చెక్కు చెదరకుండా ఉంది, మొన రాయితో సహా. నేను పనికొస్తుందని రాశాను. కింద ఒక షరతు పెట్టాను. మూసిన కట్టుబడిని గోడతో సరిగ్గా కలిపి కట్టాలి, లేదంటే పూర్తిగా తీసెయ్యాలి. ఏది చెయ్యాలో సంఘం ఇష్టం అన్నాను. తీసేద్దాం అన్నది కార్యదర్శే. పిల్లలు కూర్చునే చోట బయటికి పోవడానికి రెండో దారి ఉండాలని, ఫ్యాక్టరీలో కూడా అదే రూలని కారణం చెప్పాడు. హాలు ప్లాను చుట్టి ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు. పాత కమాను రాళ్ళు తుడిచి, కొత్త టేకు తలుపు బిగించారు. కోత పండుగ నాడు తెరుద్దామని అనుకున్నారు.

ఆ పండుగకి ఏఈనీ నన్నూ పిలిచారు. అప్పటికి నేను రిటైరయ్యాను. వెళ్ళేసరికి ఆవరణ నిండా జనం. వడ్ల బస్తాలు, మిరపకాయల బుట్టలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఏటా పంటలో మొదటి భాగం అలా తెచ్చి బల్ల దగ్గర పెట్టి, తర్వాత వేలం వేస్తారు. గంట కొట్టారు. అయ్యగారు ప్రార్థన చేసి కొత్త తలుపు తీశారు. ఆయన ముందే లోపల ఉన్నారు. బయట ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మొదట ఎవరు అడుగు పెడితే, ఆ తలుపు వాళ్ళ పేటదేనని చూసేవాళ్ళు అనుకుంటారు. లేదా, తమది కాదని చూపించుకోవడానికే ముందు నడిచారంటారు. ఎండ ఎక్కుతోంది. తలల మీద బుట్టలు పెట్టుకున్నవాళ్ళు మెడలు సర్దుకుంటున్నారు. పెద్దల్లో ఒకాయన్ని అయ్యగారు సైగ చేసి పిలిచారు. ఆయన రెండు చేతులూ జోడించి వెనక్కి తగ్గాడు. ఎవరో చీటీ వేద్దామన్నారు. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. చీటీలో ఎవరి పేరు వచ్చినా ఒక పేట పేరు వచ్చినట్టే. ఆ తలుపుని మళ్ళీ మూసెయ్యాల్సి వస్తుందేమోనని కార్యదర్శి భయపడుతున్నాడని మొహం చూస్తే తెలిసిపోతోంది. పగులు తీసేశాం గానీ దాని పని అది చేస్తూనే ఉందని నేను అనుకుంటుండగా టీచరమ్మ నా దగ్గరికి వచ్చింది.

"చెప్పులు విప్పండి," అంది.

ఎందుకని అడిగాను.

"మీరు ఏ పేటోళ్ళూ కాదుగా. ముందు మీరు నడవండి. మీ వెనక గుంపుగా వచ్చేస్తాం."

నాకు ఆ అర్హత లేదని ఏదో గొణిగాను. అర్హత లేకపోవడమే కావాల్సిందని ఆవిడ అంది. మా ఏఈ నా చేతిలోని గొడుగు తీసుకుంది. నేను చెప్పులు విప్పాను. అరికాళ్ళ కింద మట్టి కాలుతోంది. గడప దగ్గరికి వచ్చాక ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"బల్ల దాకా తిన్నగా పొండి. వెనక్కి తిరిగి చూడొద్దు. మావాళ్ళు చూసినా లోపలే పెట్టుకుంటారు, అలవాటే. మీరు కాయితాల మీద రాసే మనిషి."

గడప దాటాను. లోపల చల్లగా ఉంది. గొంగడి కప్పుకున్న కాపరి వంక చూస్తూ నడిచాను. ఉద్యోగంలో ఎన్నో కట్టడాల్లోకి అందరికన్నా ముందు వెళ్ళాను, కూలుతుందో లేదో చూడటానికి. ఎప్పుడూ అంత భయపడలేదు. కొన్ని అడుగులు నావి మాత్రమే వినపడ్డాయి. తర్వాత నాపరాళ్ళ మీద వట్టి పాదాల చప్పుడు మొదలైంది, ఎవరిదో కోడి అరిచింది, బస్తా ఒకటి నేలకి ఆనింది, పిల్లలు పరిగెత్తారు. బల్ల ముందు నిలబడి, కళ్ళు తుడుచుకోవాలని ఉన్నా చెయ్యి ఎత్తలేదు. చెయ్యి ఎత్తితే తల వెనక్కి తిరుగుతుందేమోనని భయం.

నా వెనక మొదట గడప దాటింది ఏ పేట మనిషో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసి ఉంటే ఇప్పుడు ఇక్కడ రాసేసి ఉండేవాణ్ణి.